లైబ్రరీలోంచి పాత ఎగ్జిక్యూట్ మెథడ్ తీసేయాలి. తీసిపారేయాలా, లోపల మార్చి ఉంచాలా?

మాదాపూర్_మెయింటెనెన్స్
సోమవారం, ఉదయం 10:40

అందరికీ నమస్కారం. పైథాన్‌లో డేటాబేస్ పని చేసేవాళ్ల సలహా కావాలి.

మాది మెడికల్ షాపులకు బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ. లోపల అన్ని టీమ్‌లూ వాడుకునే చిన్న డేటాబేస్ లైబ్రరీ ఒకటి ఉంది. దాని బాధ్యత ఇప్పుడు నా నెత్తిన పడింది. కింద ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ 1.4 (డేటాబేస్‌తో మాట్లాడే పైథాన్ లైబ్రరీ), దాని కింద మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. లైబ్రరీలో మొదటి నుంచీ డీబీ.ఎగ్జిక్యూట్ అని ఒక మెథడ్ ఉంది. ఎస్‌క్యూఎల్ స్ట్రింగ్ చేతిలో పెడితే చాలు, కనెక్షన్ అదే తెచ్చుకుంటుంది, కమిట్ (మార్పుని డేటాబేస్‌లో ఖాయం చేయడం) కూడా అదే చేసేస్తుంది. లోపల చూస్తే ఒక్క లైనే, ఇంజిన్.ఎగ్జిక్యూట్‌ని పిలుస్తుంది.

ఆ ఇంజిన్.ఎగ్జిక్యూట్‌ని ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ వాళ్లు 1.4లో డిప్రికేట్ చేసి (ఇక వాడొద్దని ప్రకటించి), 2023 జనవరిలో వచ్చిన 2.0లో పూర్తిగా తీసేశారు. మేం మాత్రం ఇంకా 1.4లోనే కూర్చున్నాం. ఇక కూర్చోనిచ్చేలా లేరు. డేటా లెక్కలకి వాడే పాండాస్ లైబ్రరీ 2.2కి కనీసం ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ 2.0 కావాలి, మా రిపోర్టుల టీమ్‌కి ఆ పాండాస్ కావాలి.

మా మెథడ్‌కి మేమూ డిప్రికేషన్ వార్నింగ్ పెట్టి చాలా కాలమైంది. ఎవరూ కదల్లేదు. ఇప్పుడు నా ముందు రెండు దారులు. వచ్చే మేజర్ వెర్షన్‌లో మెథడ్‌ని తీసిపారేయడం ఒకటి. పేరు అలాగే ఉంచి, లోపల మాత్రం 2.0 పద్ధతిలోకి మార్చేయడం ఇంకోటి. మా మేనేజర్ రెండోదే బాగుందంటున్నారు, ఎవరి కోడూ ముట్టుకోనక్కర్లేదు కదా అని. నాకెందుకో మనసు ఒప్పడం లేదు, కానీ మీటింగ్‌లో గట్టిగా చెప్పడానికి కారణం దొరకడం లేదు. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

—

బ్యాచ్‌జాబ్_బాబాయ్
సోమవారం, ఉదయం 11:05

తీయొద్దు తమ్ముడూ. నా ఓటు మీ మేనేజర్‌కే.

మా దగ్గరా ఇలాంటి లైబ్రరీయే. రాత్రి రెండింటికి నడిచే జాబ్‌లన్నీ దాని మీదే ఆధారం. రాసినవాళ్లలో కొందరు బెంగళూరు వెళ్లారు, కొందరు డల్లాస్ వెళ్లారు. ఫైల్ పైన కామెంట్లో వాళ్ల పేర్లు మాత్రం మిగిలాయి. లైబ్రరీ చూసేవాళ్లకి మెథడ్ తీసేయడం పది నిమిషాల పని. అర్ధరాత్రి ఫోన్ మోగేది మాత్రం నాకు. కొత్త కోడ్‌లో వాడొద్దని చెప్పి పాతదాన్ని పడుండనివ్వొచ్చు కదా? జావాలో థ్రెడ్.స్టాప్‌ని 1998లోనే డిప్రికేట్ చేశారు, ఇరవై ఏళ్లు దాటినా ఉంచారు. ఎవరి కొంపా మునగలేదు.

—

క్వెరీ_రాణి
సోమవారం, ఉదయం 11:48

బాబాయ్ గారూ, ఆ థ్రెడ్.స్టాప్ కథ కూడా 2023లో జావా 20తో ముగిసింది. పేరు ఉంచి, పిలిస్తే ఎక్సెప్షన్ విసిరేలా చేశారు. ఉదాహరణ మీకే ఎదురు తిరిగింది :)

అసలు సంగతికొస్తే, పాత మెథడ్ పడుంటే నష్టం లేదన్న మాటతోనే నాకు పేచీ. డీబీ.ఎగ్జిక్యూట్‌ని పిలిచిన ప్రతిసారీ పూల్‌లోంచి (తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపులోంచి) ఏదో ఒక కనెక్షన్ వస్తుంది, పని కాగానే వెనక్కి పోతుంది. తర్వాతి పిలుపుకి అదే కనెక్షన్ వస్తుందన్న హామీ లేదు. ఇప్పుడు బిల్లింగ్ కోడ్ ఊహించుకోండి. మొదటి లైన్‌లో బిల్లు హెడర్ ఇన్సర్ట్. రెండో లైన్‌లో సెలెక్ట్ లాస్ట్ ఇన్సర్ట్ ఐడీ. మూడో లైన్ నుంచి ఆ ఐడీ పెట్టి మందుల వరుసలు. మైఎస్‌క్యూఎల్‌లో లాస్ట్ ఇన్సర్ట్ ఐడీ అనేది కనెక్షన్‌కి సంబంధించిన లెక్క. వేరే కనెక్షన్ మీద అడిగితే సున్నా రావచ్చు, లేదా ఆ కనెక్షన్ మీద అంతకుముందు ఎవరో చేసిన బిల్లు నంబర్ రావచ్చు. సున్నా వస్తే అదృష్టం, ఎక్కడో పేలుతుంది. రెండోది వస్తే దిల్‌సుఖ్‌నగర్ షాపు మందులు మలక్‌పేట షాపు బిల్లులో కూర్చుంటాయి, ఎర్రర్ అనేదే ఉండదు.

మీ మెషీన్ మీద మీరొక్కరే టెస్ట్ చేస్తే ఇది ఎప్పటికీ కనపడదు. పూల్‌లో ఒకటే కనెక్షన్ ఉంటుంది కాబట్టి మళ్లీ అదే వస్తుంది. సాయంత్రం షాపుల్లో రద్దీ పెరిగి పూల్‌లో నాలుగైదు కనెక్షన్లు తిరుగుతున్నప్పుడే కనపడుతుంది.

అలాగే బిల్లు ఇన్సర్ట్ ఒక పిలుపు, స్టాక్ తగ్గించడం ఇంకో పిలుపు అయితే అవి రెండు వేర్వేరు ట్రాన్సాక్షన్లు. మధ్యలో ప్రాసెస్ చచ్చిపోతే బిల్లు ఉంటుంది, స్టాక్ తగ్గదు. మధ్యలో ఆగితే అన్నీ వెనక్కి పోవాలన్న కోరిక ఈ మెథడ్‌తో తీరదు.

—

మాదాపూర్_మెయింటెనెన్స్
సోమవారం, మధ్యాహ్నం 12:20

రాణి గారూ, మీరు చెప్పిన మూడు లైన్ల కోడ్ మా రిపోలో అచ్చం అలాగే ఉంది. ఇప్పుడే వెతికి చూశాను. సపోర్ట్ టీమ్ వాళ్లు అప్పుడప్పుడూ "వేరే బిల్లు వరుసలు కలిశాయి" అని టికెట్ పెడతారు. డేటా సరిచేసి మూసేయడం అలవాటైపోయింది.

సరే, తీయాలన్నది ఖాయం. కానీ మేనేజర్ మాటకి జవాబు ఇంకా దొరకలేదు. పేరు ఉంచి లోపల మారిస్తే ఏమవుతుంది?

—

జాబ్_వేటలో_2025
సోమవారం, మధ్యాహ్నం 12:31

అన్నా మీ కంపెనీలో పైథాన్ ఓపెనింగ్స్ ఉన్నాయా? రిఫరల్ ఇస్తారా? రెజ్యూమె పంపిస్తా.

—

వేదిక_మోడరేటర్
సోమవారం, మధ్యాహ్నం 12:50

ఉద్యోగాల అడుగులాటకి వేరే విభాగం ఉంది తమ్ముడూ, అక్కడ పెట్టు. ఇక్కడ చర్చ సాగనివ్వండి.

—

ఉప్పల్_పైథానిస్టు
సోమవారం, మధ్యాహ్నం 2:15

పేరు ఉంచి లోపల మార్చే పని మేం చేశాం. అంటే నేను చేరకముందు చేశారు, తర్వాత తవ్వి తీసే పని నాకు దక్కింది. వివరంగా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

1.4 వరకూ ఆ ఆటో కమిట్ ఎలా పని చేసేదో ముందు తెలుసుకోవాలి. డేటాబేస్ చేసే ఆటో కమిట్ కాదది. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీయే స్ట్రింగ్ మొదటి మాట చూసేది. ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్, క్రియేట్, డ్రాప్, ఆల్టర్, మైఎస్‌క్యూఎల్ అయితే రీప్లేస్, లోడ్ డేటా కూడా. ఈ మాటల్లో ఏదో ఒకదానితో మొదలైతే కమిట్ కొట్టేది, లేకపోతే లేదు. స్టోర్డ్ ప్రొసీజర్‌ని కాల్ అని పిలిస్తే ఆ మాట జాబితాలో లేదు, కమిట్ కాదు. ఎవరో బుద్ధిమంతుడు క్వెరీ ముందు "ఇది ఫలానా జాబ్‌ది" అని కామెంట్ పెట్టినా అంతే. మొదట కనపడేది అప్‌డేట్ కాదు, కామెంట్. కాబట్టి కమిట్ లేదు. ఇంత నాజూకైన దాని మీద ఇన్నేళ్లు బండి నడిచింది.

2.0లో ఆ మొదటి మాట చూసే వ్యవహారం మొత్తం పోయింది. ఇంజిన్.కనెక్ట్‌తో బ్లాక్ తెరిచి ఎగ్జిక్యూట్ చేసి, కమిట్ అని మీరు చెప్పకపోతే, బ్లాక్ మూసేటప్పుడు రోల్‌బ్యాక్ అవుతుంది, అంటే రాసింది రద్దవుతుంది. మా లైబ్రరీలో మార్చినాయన ఇంజిన్.కనెక్ట్ పెట్టాడు. కోడ్ నడిచింది. రో కౌంట్ ఒకటి అని వచ్చింది. లాగ్‌లో "అప్‌డేట్ అయింది" అని పడింది. టేబుల్లో మాత్రం ఏమీ మారలేదు. దీన్ని పట్టుకోవడానికి ఎంత తల బద్దలు కొట్టుకుని ఉంటారో ఊహించుకోండి, ఎక్కడా ఒక్క ఎర్రర్ లేదు మరి.

సరే, ఇంజిన్.బిగిన్ పెడితే? బ్లాక్ చివర కమిట్ అదే అవుతుంది. మంచిదే. కానీ సెలెక్ట్‌ల దగ్గర ఇబ్బంది. బ్లాక్ లోపలి నుంచి రిజల్ట్‌ని రిటర్న్ చేస్తే, బయట పిలిచినవాడు వరుసలు చదివేసరికి కనెక్షన్ వెనక్కి పోయి ఉంటుంది, ఇక వరుసలు దొరుకుతాయన్న హామీ లేదు. దాని కోసం లోపలే ఫెచ్ ఆల్ చేసి లిస్ట్ ఇస్తే, లక్షల వరుసల మీద ఒక్కొక్కటిగా నడిచే జాబ్ మొత్తం మెమరీలోకి లాగేస్తుంది.

ఇక స్ట్రింగ్‌ల గొడవ. 2.0లో మామూలు స్ట్రింగ్ ఇస్తే ఎగ్జిక్యూట్ ఒప్పుకోదు, టెక్స్ట్ అనే ఫంక్షన్‌లో చుట్టాలి. లైబ్రరీ లోపల మీరే చుట్టేస్తారనుకుందాం. పాత కోడ్‌లో డేట్ ఫార్మాట్ రాసినప్పుడు శాతం గుర్తుని రెండుసార్లు కొట్టేవాళ్లు గుర్తుందా? డ్రైవర్ దాన్ని పరామీటర్ అనుకోకుండా ఉండటానికి. టెక్స్ట్ ఫంక్షన్ ఆ పని తనే చేస్తుంది. అంటే మీరు రెండు కొడితే అది నాలుగు చేస్తుంది, డేటాబేస్‌కి రెండు చేరతాయి. మైఎస్‌క్యూఎల్ డేట్ ఫార్మాట్‌కి రెండు శాతం గుర్తులంటే "ఒక శాతం గుర్తు అచ్చు వెయ్యి" అని. మా నెలవారీ అమ్మకాల రిపోర్టులో నెల కాలమ్‌లో 2023-04 అని రావాల్సిన చోట శాతం గుర్తు, పక్కన వై అక్షరం, గీత, మళ్లీ శాతం గుర్తు, ఎమ్ అక్షరం. గ్రూప్ బై కూడా దాని మీదే కాబట్టి ఏడాది అమ్మకాలన్నీ కలిసి ఒకే వరుస. క్లయింట్ ఫోన్ చేసి "మీరు ఇచ్చింది రిపోర్టా, పజిలా" అన్నాడు.

లైక్‌లో ఉన్న శాతం గుర్తులకి మాత్రం ఏమీ కాలేదు. లైక్‌కి ఒకటైనా రెండైనా ఒకే అర్థం కదా. అందుకే టెస్ట్‌లన్నీ పచ్చగానే వచ్చాయి.

—

క్వెరీ_రాణి
సోమవారం, మధ్యాహ్నం 2:40

దీనికి కోలన్ కూడా కలపండి. టెక్స్ట్‌లో కోలన్ తర్వాత మాట వస్తే దాన్ని పరామీటర్ పేరనుకుంటుంది. స్ట్రింగ్‌లో జేసన్ ముక్క ఉండి, కొటేషన్ మార్కు పక్కనే కోలన్, దాని పక్కనే అంకె ఉంటే "ఆ పరామీటర్ విలువ ఏది" అని అడుగుతుంది. ఇది కనీసం అరుస్తుంది కాబట్టి నాకు దీని మీద కోపం లేదు.

—

ఫైనలియర్_పిల్లాడు
సోమవారం, మధ్యాహ్నం 3:10

చిన్న సందేహం అన్నా. మీరు వార్నింగ్ పెట్టి చాలా కాలమైంది అన్నారు కదా. మరి ఇంతమందిలో ఒక్కరికైనా ఎందుకు కనపడలేదు? నేను కాలేజీ ప్రాజెక్ట్‌లో చూస్తే నాకు ఎర్ర రంగులో బోలెడు వస్తాయి.

—

ఉప్పల్_పైథానిస్టు
సోమవారం, మధ్యాహ్నం 3:35

మంచి ప్రశ్న. నువ్వు పైటెస్ట్‌తో (టెస్ట్‌లు నడిపే టూల్) నడుపుతున్నావేమో చూడు, అది చూపిస్తుంది. మామూలుగా నడిపితే పైథాన్ డిప్రికేషన్ వార్నింగ్‌ని దాచేస్తుంది. నేరుగా నడిపిన మెయిన్ ఫైల్లోంచి పుట్టిన వార్నింగ్ అయితేనే చూపిస్తుంది, అది కూడా 3.7 నుంచి. లైబ్రరీని పిలిచేది ఎక్కడో నాలుగో ఫోల్డర్లో ఉన్న మాడ్యూల్ అయితే సర్వర్‌లో చడీచప్పుడూ ఉండదు. యూజర్లకి కూడా కనపడాలంటే ఫ్యూచర్ వార్నింగ్ వాడాలి, అది దాగదు. స్టాక్ లెవల్ (ఎన్ని పిలుపుల వెనక్కి వెళ్లి లైన్ చూపాలన్న సంఖ్య) రెండు అని ఇవ్వకపోతే వార్నింగ్‌లో కనపడే లైన్ నంబర్ లైబ్రరీదే అవుతుంది, పిలిచినవాడి జాడ దొరకదు.

ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ సొంత వార్నింగ్‌లు ఇంకో మెట్టు పైన దాక్కుంటాయి. 1.4లో వార్న్ 20 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని ఒకటి చేస్తేనే పూర్తి వివరం వస్తుంది. ఇది ఎవరూ పెట్టుకోవడం లేదని వాళ్లకే అర్థమై, 1.4.46లో పాత పద్ధతులు వాడుతున్నారంటూ ఒక పెద్ద వార్నింగ్‌ని ఒక్కసారి చూపించేలా చేశారు. దాన్ని నొక్కేయడానికి ఇంకో వేరియబుల్ కూడా ఇచ్చారు. మా డాకర్ ఫైల్లో ఏది పెట్టారో ఊహించు.

—

సీత_డేటా
సోమవారం, సాయంత్రం 5:02

నొక్కేసేదే పెట్టి ఉంటారు, అందులో ఊహించడానికేముంది.

మా డేటా టీమ్ వైపు నుంచి ఒక మాట. 2023 మొదట్లో ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ 2.0 వచ్చిన కొత్తలో ఎవరో పొద్దున్నే కొత్త ఎన్విరాన్‌మెంట్ కట్టుకున్నారు. వెర్షన్ పిన్ చేయలేదు కాబట్టి 2.0 దిగింది. పాండాస్ ఇంకా 1.5. రీడ్ ఎస్‌క్యూఎల్ అనగానే "ఆప్షన్ ఇంజిన్ ఆబ్జెక్ట్‌కి ఎగ్జిక్యూట్ అనే అట్రిబ్యూట్ లేదు" అని వచ్చింది. మేం రాసిన కోడ్‌లో ఆప్షన్ ఇంజిన్ అన్న మాటే లేదు! తప్పు మాదా, పాండాస్‌దా, సర్వర్‌దా అని అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ ఏప్రిల్‌లో పాండాస్ 2.0 వచ్చాక కానీ సర్దుకోలేదు. పాండాస్ కూడా అదే వెర్షన్‌లో డేటాఫ్రేమ్.అపెండ్‌ని తీసేసింది, ఆ గోల వేరే.

కాబట్టి మెయింటెనెన్స్ గారూ, తీసేయండి కానీ ఉత్త అట్రిబ్యూట్ ఎర్రర్‌తో వదిలేయకండి. నోట్‌బుక్‌లు రాసేవాళ్లకి కనెక్షన్, పూల్, ట్రాన్సాక్షన్ ఇవేవీ పట్టవు. బదులు ఏం రాయాలో ఆ ఎర్రర్‌లోనే కనపడాలి.

—

అమీర్‌పేట_పాతకాపు
సోమవారం, రాత్రి 9:20

నేను పీహెచ్‌పీ మనిషిని, ఆలస్యంగా వచ్చాను. ఈ సినిమా మాకు పదేళ్ల కిందటే చూపించారు. మైఎస్‌క్యూఎల్ క్వెరీ అనే పాత ఫంక్షన్, దాని కుటుంబం మొత్తం 2013లో పీహెచ్‌పీ 5.5తో డిప్రికేట్ అయ్యాయి, 2015 డిసెంబర్‌లో 7.0తో పోయాయి. అదీ మీ డీబీ.ఎగ్జిక్యూట్ లాంటిదే. ఏ కనెక్షన్ మీద నడపాలో చెప్పకపోతే చివరగా తెరిచిన కనెక్షన్‌ని తనే పట్టుకునేది.

మైత్రివనం చుట్టుపక్కల కోచింగ్ నోట్స్‌లో అది పోయిన తర్వాత కూడా చాలా కాలం అదే నేర్పారు. పిల్లలు ఇంటర్వ్యూకి వచ్చి బోర్డు మీద అదే రాసేవాళ్లు. పైగా అప్పట్లో చాలామంది ఏం చేశారంటే, పాత పేర్లతోనే సొంత ఫంక్షన్లు రాసి లోపల దాని బదులున్న మైఎస్‌క్యూఎల్ఐని పిలిచారు. సైట్ ఆ పూటకి లేచి నిలబడింది. కానీ విలువల్ని క్వెరీ నుంచి విడిగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌లకి మారే అవకాశం చేజారింది, యూజర్ ఇచ్చిన మాటని స్ట్రింగ్‌లో అతికించే పాత అలవాటు అలాగే ఉండిపోయింది. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ రంధ్రాలు (బయటివాడు తన క్వెరీని చొప్పించే దారులు) కూడా దాంతోపాటే. అందుకే నా ఓటు తీసేయడానికే.

—

మాంగో_మనోళ్లు
మంగళవారం, ఉదయం 9:15

సీత గారు చెప్పిన ఎర్రర్ మెసేజ్ విషయంలో పైమాంగోని (మాంగోడీబీ డేటాబేస్‌కి పైథాన్ లైబ్రరీ) చూడండి. 4.0లో వాళ్లు కలెక్షన్ మీద ఉన్న ఇన్సర్ట్, సేవ్, అప్‌డేట్, రిమూవ్, కౌంట్ అన్నీ తీసేశారు. వాటిలో చాలావరకు 2015లో 3.0 నుంచే డిప్రికేటెడ్. పైమాంగోలో చిక్కేమిటంటే చుక్క పెట్టి ఏ పేరు రాసినా అది సబ్ కలెక్షన్ అనుకుంటుంది. కాబట్టి ఇన్సర్ట్ తీసేసినా "అట్రిబ్యూట్ లేదు" అన్న ఎర్రరే రాదు. ఇన్సర్ట్ అనే పేరుతో ఒక కలెక్షన్ ఆబ్జెక్ట్ చేతికొస్తుంది! దాన్ని పిలిచినప్పుడు మాత్రం "కలెక్షన్‌ని ఫంక్షన్‌లా పిలవలేరు, ఇన్సర్ట్ మెథడ్‌ని పిలుద్దామనుకుంటే అలాంటి మెథడ్ లేదు" అని చెప్తుంది. చదివినవాడికి వెంటనే విషయం అర్థమవుతుంది.

అయితే అందులోనూ ఒక లోటుంది. బదులు ఏం వాడాలో చెప్పదు. కౌంట్ బదులు కౌంట్ డాక్యుమెంట్స్ అని మార్చేసి సంబరపడితే, ఫిల్టర్‌లో వేర్ ఆపరేటర్ కానీ, నియర్ కానీ ఉన్నచోట పని చేయదు. వేర్ బదులు ఎక్స్‌ప్రెషన్, నియర్ బదులు జియో వితిన్ రాసుకోవాలి.

—

బ్యాచ్‌జాబ్_బాబాయ్
మంగళవారం, ఉదయం 10:02

అందరూ ఒక వైపే ఉన్నారు, ఒక్కణ్ణే మిగిలాను. సరే, ఉప్పల్ తమ్ముడి రిపోర్టు కథ చదివాక పేరు ఉంచి లోపల మార్చమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఇంకో దారి చెప్తా. పాత మెథడ్‌కి మాత్రం వేరే ఇంజిన్ పెట్టి, దాని ఐసొలేషన్ లెవల్‌ని ఆటో కమిట్ అని పెట్టేస్తే? 2.0లో కూడా అది ఉంది కదా. డేటాబేస్ స్థాయిలోనే ప్రతి స్టేట్‌మెంట్ కమిట్ అయిపోతుంది.

—

ఉప్పల్_పైథానిస్టు
మంగళవారం, ఉదయం 10:45

ఉంది బాబాయ్ గారూ, ఆ ఆలోచన మా దగ్గరా వచ్చింది. అప్పుడు కాల్ అని పిలిచే ప్రొసీజర్లు కూడా కమిట్ అవ్వడం మొదలవుతుంది. ఇన్నాళ్లూ కాకుండా ఉన్నవి. ఏ జాబ్ ఆ కాకపోవడం మీద ఆధారపడిందో ఎవరికి తెలుసు? పైగా ఆ ఇంజిన్ మీద ఎవరైనా బిగిన్ రాసుకుని, ఎర్రర్ వస్తే రోల్‌బ్యాక్ అవుతుందని ధీమాగా ఉంటే, అక్కడ రోల్‌బ్యాక్‌కి వెనక్కి తీసుకోవడానికి ఏమీ మిగలదు. చదవడం మాత్రమే చేసే రిపోర్టులకి అయితే నాకు అభ్యంతరం లేదు.

—

బ్యాచ్‌జాబ్_బాబాయ్
మంగళవారం, ఉదయం 11:10

చదివేవాటికైనా ఒప్పుకున్నావు, సంతోషం. మిగతాదానికి నేనింకా పూర్తిగా ఒప్పుకోలేదు. తీసేవాళ్లు తేదీ దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోండి. నెలాఖరు జీతాలు, 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బీ రిటర్న్‌లు, మార్చి 31 చుట్టుపక్కల ఎవరి కోడూ ముట్టుకోవద్దు. దసరా ముందు శుక్రవారం అస్సలు వద్దు. ఊరికి బస్సెక్కాక ఫోన్ వస్తే సిగ్నల్ ఉండదు, ఆఫీసులో మాత్రం "ఫోన్ ఎత్తడం లేదు" అని పేరు పడుతుంది.

—

క్వెరీ_రాణి
మంగళవారం, ఉదయం 11:32

తేదీ విషయంలో బాబాయ్ గారితో నేనూ ఏకీభవిస్తాను. ఇంకోటి కూడా చేయొచ్చు. గిట్‌హబ్ 2021 ఆగస్టు 13న పాస్‌వర్డ్‌తో పుష్ చేయడం ఆపేసింది కదా, దానికి ముందే కొన్ని రోజుల్లో కొద్ది గంటల పాటు కావాలనే ఆపి, మళ్లీ తెరిచారు. మెయిల్ చదవనివాళ్లు ఆ గంటల్లో మేల్కొన్నారు. మీరు స్టేజింగ్‌లో (అసలు సర్వర్ కాకుండా పరీక్షలకి ఉంచినదానిలో) ఒక పూట మెథడ్‌ని ఆపి చూడండి. ఎవరెవరు అరుస్తారో తెలుస్తుంది.

కోడ్‌లో వెతికి పట్టుకుందామంటే కుదరదు. ఎగ్జిక్యూట్ అనే పేరు కనెక్షన్‌కి ఉంది, సెషన్‌కి ఉంది, కర్సర్‌కి ఉంది. గ్రెప్ కొడితే వేల లైన్లు వస్తాయి, వాటిలో ఏది మీ డీబీదో ఒక్కొక్కటి చూసుకోవాలి. మెథడ్ లోపల పిలిచినవాడి ఫైల్ పేరు, లైన్ నంబర్ లాగ్ చేయండి. ఒక నెలాఖరు, ఒక నెల మొదలు రెండూ కలిసేలా వదిలేయండి. నెలకోసారి నడిచేవి అప్పుడే బయటపడతాయి.

—

మాదాపూర్_మెయింటెనెన్స్
మంగళవారం, రాత్రి 8:30

మేనేజర్‌తో కూర్చున్నాను. ఉప్పల్ గారి రిపోర్టు కథ చెప్పగానే, "మన క్లయింట్‌కి అలా వెళ్తే?" అని ఆయనే అడిగారు. ఇక వాదించాల్సిన పని పడలేదు.

ఇప్పుడు ఇలా అనుకుంటున్నాం. లాగింగ్ ఈ వారమే పెడతాం, డిప్రికేషన్ వార్నింగ్‌ని ఫ్యూచర్ వార్నింగ్ చేస్తాం. బదులుగా రెండు మెథడ్‌లు ఇప్పుడే ఇస్తున్నాం, 1.4 మీద కూడా పని చేసేలా. చదవడానికి ఒకటి, వరుసలు లిస్టుగా ఇస్తుంది. పెద్ద రిపోర్టులకి అదే ముక్కలు ముక్కలుగా ఇస్తుంది. రాయడానికి మాత్రం ట్రాన్సాక్షన్ బ్లాక్ ఒక్కటే. బ్లాక్ లేకుండా రాసే దారి ఇవ్వడం లేదు. బిల్లు, మందుల వరుసలు, స్టాక్ అన్నీ ఒకే బ్లాక్‌లోకి రావాల్సిందే. ఇంజిన్‌ని 1.4లోనే ఫ్యూచర్ అనే ఫ్లాగ్‌తో తెరిస్తే 2.0 ప్రవర్తన వస్తుంది కాబట్టి టెస్ట్‌లు ముందు దాని మీద నడుపుతాం.

పాత మెథడ్ పేరు మాత్రం మేజర్ వెర్షన్‌లో ఉంటుంది, పిలిస్తే పేలడానికే. ఎర్రర్‌లో పెట్టబోయే మాటలు ఇవి, సీత గారు చూసి చెప్పండి:

"డీబీ.ఎగ్జిక్యూట్ ఇక లేదు. చదవడానికి డీబీ.రీడ్ వాడండి. రాయడానికి డీబీ.ట్రాన్సాక్షన్ బ్లాక్ తెరిచి అందులో రాయండి. స్ట్రింగ్‌లో రెండు శాతం గుర్తులు ఉంటే ఒకటి చేయండి."

—

సీత_డేటా
మంగళవారం, రాత్రి 9:05

చాలా బాగుంది. చివరి వాక్యం కోసమైనా మీకు ఇరానీ చాయ్ బాకీ. ఒకటి కలపండి, ఎవరిని అడగాలో. వికీ లింక్ పెడితే ఎవరూ చదవరు, ఛానెల్ పేరు పెట్టండి.

—

మాదాపూర్_మెయింటెనెన్స్
తర్వాతి నెల 6వ తేదీ, సాయంత్రం 6:10

ఇదిగో అప్‌డేట్. లాగ్‌లో నెలాఖరు, నెల మొదలు రెండూ దాటాయి. రాణి గారు చెప్పినట్టే స్టేజింగ్‌లో ఒక పూట ఆపాం. బిల్లింగ్ టీమ్ ముందే మారిపోయింది కాబట్టి వాళ్ల వైపు చప్పుడు లేదు. వాళ్ల "వేరే బిల్లు వరుసలు కలిశాయి" టికెట్లు కూడా మారినప్పటి నుంచి రావడం లేదు. రిటర్న్స్ మాడ్యూల్ పేలింది. అక్కడ గెట్ అట్రిబ్యూట్‌తో మెథడ్ పేరుని స్ట్రింగ్‌గా పిలుస్తున్నారు, గ్రెప్‌కి దొరికేదే కాదు.

వింత ఏమిటంటే, డేటాబేస్ సర్వర్ లాగ్‌లో ఒక ఐపీ మా సర్వర్లలో దేనిదీ కాదు. వెతికితే అకౌంట్స్ సెక్షన్‌లో ఒక డెస్క్‌టాప్. టాస్క్ షెడ్యూలర్‌లో ప్రతి నెలా 5న పొద్దున ఆరింటికి నడిచే స్క్రిప్ట్. అది నేరుగా ప్రొడక్షన్ మీదకే వెళ్తోంది, కాబట్టి స్టేజింగ్ ఎన్నిసార్లు ఆపినా తెలిసేది కాదు. అకౌంట్స్ మేడమ్‌కి ఆ ఎక్సెల్ ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు, "అది దానంతట అదే వస్తుంది బాబూ" అన్నారు. ప్రొడక్షన్‌లో తీసే తేదీ 23 అని పెట్టాం, 3బీ అయిపోయాక. ఆ డెస్క్‌టాప్‌ని ఏం చేయమంటారు?

—

బ్యాచ్‌జాబ్_బాబాయ్
తర్వాతి నెల 6వ తేదీ, సాయంత్రం 6:25

ఆ డెస్క్‌టాప్ లైబ్రరీ కాపీ దాంట్లోనే ఉంటుంది, మీరు కొత్త వెర్షన్ విడుదల చేసినా దానికి అంటదు. పాతదానితోనే నడుస్తుంది, లాస్ట్ ఇన్సర్ట్ ఐడీ రోగంతో సహా. ముందు అది టేబుల్లో ఏమైనా రాస్తోందా, చదువుతోందా చూడు. చదివేదే అయితే సర్వర్ మీదకి మార్చి, ఆ ఎక్సెల్‌ని మేడమ్‌కి మెయిల్‌లో పంపేలా చేయి. రాసేదైతే 23 దాకా ఆగకు, ఆ యూజర్‌కి రాసే పర్మిషన్ రేపే తీసేయి. మేడమ్‌కి ముందు ఫోన్ చేసి చెప్పాకే.

—

మాదాపూర్_మెయింటెనెన్స్
తర్వాతి నెల 7వ తేదీ, ఉదయం 10:50

చదివేదే బాబాయ్. సెలెక్ట్ ఒక్కటే, అందులోనూ డేట్ ఫార్మాట్‌కి రెండు శాతం గుర్తులు. సర్వర్ మీదకి మార్చేటప్పుడు ఒకటి చేశాను. మేడమ్‌కి శాంపిల్ పంపాను, నెల కాలమ్ సరిగ్గా ఉందని చెప్పారు. ఎక్సెల్ మాత్రం ఆరింటికి కాకుండా తొమ్మిదింటికి రావాలట, ఆరింటికి ఆవిడ ఇంకా మియాపూర్ మెట్రో కూడా ఎక్కి ఉండరు.